ర్యాలీ బాగానే జరిగింది, కానీ ఏం మారలేదు. ఇప్పుడేం చేయాలి?

రూటునంబర్7:
అందరికీ నమస్తే. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి. మా ఏరియాకి ఉన్న ఒకే ఒక్క బస్సు రూటు నాలుగు నెలల కింద ఎత్తేశారు, నష్టం వస్తోందట. స్కూలు పిల్లలు, నైట్ డ్యూటీలవాళ్ళు, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పోయే ఒక పెద్దాయన, అందరికీ నరకంగా ఉంది. వాట్సాప్ గ్రూపు పెట్టాం, ర్యాలీ తీశాం, రెండొందల మంది దాకా వచ్చారు, అంతమంది వస్తారని మేమే అనుకోలేదు. వినతిపత్రం ఇచ్చాం, ఆఫీసరు గారు తీసుకుని "పరిశీలిస్తాం" అన్నారు, ఫొటో దిగి ఇంటికొచ్చాం. అంతే. రెండు నెలలైంది. రెండోసారి పిలిస్తే ముప్పై మంది వచ్చారు, మూడోసారి పిలవాలంటే నాకే మొహం చెల్లట్లేదు. కుర్రాళ్ళేమో నాలుగు అద్దాలు పగిలితే గానీ వినరు అంటున్నారు. నాకది ఇష్టం లేదు, కానీ వాళ్ళని ఆపడానికి నా దగ్గర వేరే ప్లానూ లేదు. ఇలాంటివి నడిపినవాళ్ళు ఉంటే చెప్పండి.

పాతకరపత్రం:
ఒక్క ప్రశ్న అడుగుతా. మీ కాగితం తీసుకున్నాయనకి ఆ రూటు మళ్ళీ వేసే అధికారం ఉందా? కనుక్కున్నారా?

ఎందుకు అడుగుతున్నానంటే మేం ఒక నీటి పైపులైను గొడవలో ఎనిమిది వారాలు ఒక ఆఫీసు ముందు కూర్చున్నాం, ఎండలో, రోజూ. తొమ్మిదో వారం ఆ గేటు దగ్గర వాచ్‌మన్ జాలిపడి "సార్, ఆ ఫైలు ఇక్కడికే రాదు, సంతకం పైన అవుద్ది, వీళ్ళు పంపడం వరకే" అన్నాడు. ఎనిమిది వారాలు! ఆ రోజు నుంచి నేను ఏ ఉద్యమం మొదలుపెట్టినా ముందు ఒక కాగితం మీద మూడే రాస్తా: సంతకం పెట్టేది ఎవరు, ఆయన ఎవరి మాట వింటాడు, ఆయనకి దేనివల్ల ఇబ్బంది. ఈ మూడూ నిండకపోతే మైకు బుక్ చేయను.

మన సారా ఉద్యమమే చూడండి. 1992లో నెల్లూరు జిల్లాలో దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ళు ఊళ్ళో దుకాణం దగ్గర అరిచి ఊరుకోలేదు, సారా వేలంపాటలనే అడ్డుకున్నారు. సర్కారుకి డబ్బు ఎక్కడ పుడుతోందో అక్కడే పట్టుకున్నారన్నమాట. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. వాళ్ళకి ఎవరూ క్లాసులు చెప్పలేదు, ఎక్కడ నొక్కాలో వాళ్ళకి తెలుసు.

అగ్గిపుల్ల:
అన్నా తప్పుగా అనుకోకు కానీ వాచ్‌మన్ చెప్పేదాకా కూర్చోడాలు, కాగితం మీద రాసుకోడాలు ఇవన్నీ టైంపాస్. రోడ్డు ఆగితేనే ఫోన్లు మోగుతాయి. మా దగ్గర టైరు కాల్చిన రోజే కలెక్టరు వచ్చాడు. నా అనుభవం ఇదీ.

పాతకరపత్రం:
వచ్చాడు సరే. పని అయిందా?

అగ్గిపుల్ల:
…కేసులు అయినయ్.

లెక్కలపంతులు:
హహ, అగ్గిపుల్ల గారి నిజాయితీకి దండం.

దీనిమీద లెక్క ఉంది. ఎరికా చెనోవెత్, మరియా స్టీఫన్ అనే ఇద్దరు పరిశోధకులు 1900 నుంచి 2006 దాకా జరిగిన 323 పెద్ద ఉద్యమాలు తీసుకుని చూశారు. హింస లేకుండా నడిచినవాటిలో 53 శాతం గెలిచాయి, ఆయుధం పట్టినవాటిలో 26 శాతం. కారణం నీతి కాదు, మంది. తుపాకీ పట్టే ఉద్యమంలోకి ముసలమ్మ రాదు, స్కూలు టీచరు రాదు, అవతలి పక్కన పనిచేసే గుమాస్తా అసలే రాడు. అందరూ రాగలిగేదే పెద్దదవుతుంది, పెద్దదైనప్పుడే అవతలివాళ్ళ మనుషులు కూడా మెల్లగా ఇటు జారతారు.

ఇంకోటి, "జనాభాలో మూడున్నర శాతం వీధిలోకొస్తే గెలుపే" అని ఫార్వర్డ్‌లు తిరుగుతుంటాయి కదా, దాన్ని మీ బస్సుకి అంటించుకోకండి. అది ప్రభుత్వాల్ని దించే, దేశానికి స్వాతంత్ర్యం తెచ్చే స్థాయి ఉద్యమాల్లో జరిగింది చూసి చెప్పినమాట, మంత్రం కాదు. మీకు రెండొందల మంది ఎక్కువే, వాళ్ళు ఏం చేస్తున్నారన్నదే పాయింటు.

ఉప్పుకల్లు:
పంతులు గారు చెప్పింది నిజమే కానీ అద్దం పగిలితే ఏమవుద్దో చౌరీచౌరా చాలు చెప్పడానికి. 1922 ఫిబ్రవరిలో పోలీస్ స్టేషన్ తగలబెట్టి 22 మంది పోలీసుల్ని చంపేస్తే గాంధీ దేశం మొత్తం నడుస్తున్న సహాయనిరాకరణనే ఆపేశాడు. ఆపడం తప్పా ఒప్పా అని ఇప్పటికీ కొట్టుకుంటారు, అది వేరే చర్చ.

నేను చెప్పాలనుకున్నది మెట్ల గురించి. రూటునంబర్7 గారూ, మీరు పెద్ద మెట్టు మొదటే ఎక్కేశారు, రెండోసారి అదే మెట్టు ఎక్కమన్నారు, అందుకే జనం రాలేదు. దండి చూడండి. 1930 మార్చి 2న వైస్రాయ్‌కి ఉత్తరం, ఫలానాది చేయబోతున్నాం అని ముందే చెప్పి. మార్చి 12న 78 మందితో నడక మొదలు. రైలెక్కితే ఒక్కరోజులో అయిపోయేదాన్ని 240 మైళ్ళు 24 రోజులు నడిచారు, ఊరూరా మీటింగు, రోజురోజుకీ పేపర్లో వార్త. ఏప్రిల్ 6న ఉప్పు తీసేసరికి దేశమంతా అదే చూస్తోంది. పైగా ఉప్పు! పెద్ద నాయకులే మొదట పెదవి విరిచారు, ఇదేం డిమాండు అని. కానీ ప్రతి ఇంటి పొయ్యి దగ్గరా ఉండేది, ఎవరైనా చేతితో తీయగలిగేది అదొక్కటే. పట్టుకుంటే పిడికెడు ఉప్పుకి అరెస్టు చేశారంటారు, వదిలేస్తే చట్టం పోయినట్టే. సర్కారు ఎటు కదిలినా నష్టమే అయ్యేలా పని ఎంచుకోవడం అంటే అది.

కొయ్యకాలు:
దాన్నే సెర్బియా కుర్రాళ్ళు నవ్వుతో చేశారు. ఓట్పోర్ అని, అక్కడి పాలకుడు మిలోషెవిచ్ మీద లేచిన గుంపు. ఒక డ్రమ్ముకి ఆయన బొమ్మ అంటించి రోడ్డు మీద పెట్టి, చిల్లర వేయి, కర్రతో ఒకటి కొట్టు అన్నారు. జనం లైను కట్టారు. పోలీసులు వచ్చారు, అప్పటికి పెట్టినవాళ్ళు లేరు, చివరికి ఏం చేయాలో తెలీక డ్రమ్మునే బండెక్కించుకుని పోయారు. ఫొటోలు పడ్డాయి. నవ్వొచ్చాక భయం ఉండదు కదా. అక్కడ మిలోషెవిచ్ 2000 అక్టోబరులో దిగిపోయాడు, డ్రమ్ము వల్లే అనను గానీ.

చేతిపట్టీ:
నేను చాలా ఏళ్ళు ఊరేగింపుల్లో వాలంటీర్లని చూసుకునే పని చేశా, అందుకే అద్దాల విషయం మీద రాస్తున్నా. హింస వద్దు అని మైకులో చెప్తే సరిపోదు, ప్రాక్టీసు కావాలి. 1960లో అమెరికాలోని నాష్‌విల్‌లో నల్లవాళ్ళని కూర్చోనివ్వని హోటల్ కౌంటర్ల దగ్గర కూర్చునే ముందు జేమ్స్ లాసన్ అనే ఆయన విద్యార్థులకి నెలల తరబడి ట్రైనింగ్ ఇచ్చాడు, కుర్చీల్లో కూర్చోబెట్టి తిట్టించాడు, తోయించాడు, మొహాన పొగ వదిలించాడు.

మేమూ చేశాం ఒకసారి, నవ్వులాటగా మొదలైంది. నేను "ప్రదర్శనకారుడు", మా ఫ్రెండు "రౌడీ". వాడు నా చెవి దగ్గరికొచ్చి మా అమ్మ పేరు తీసి ఏదో అన్నాడు, యాక్టింగే అని నాకు తెలుసు, అయినా చూస్తే నా చెయ్యి పైకి లేచి ఉంది. నేనే! పదిహేనేళ్ళుగా శాంతి శాంతి అని చెప్పేవాణ్ణి. ఆ రోజు అర్థమైంది, కోపం మనసులో కంటే ముందు చేతిలోకి వస్తుంది అని.

నేర్చుకున్నవి చెప్తా. వాలంటీర్లు పోలీసుల వైపు చూస్తూ నిలబడకూడదు, వీపు అటు పెట్టి మనవాళ్ళ మొహాలు చూడాలి, గొడవ ఎవరి కళ్ళలో మొదలవుతోందో కనిపిస్తుంది. వేడెక్కుతోంది అనిపిస్తే ఒకటే సిగ్నల్, అందరూ కింద కూర్చోవాలి. కూర్చున్న గుంపులో రాయి పట్టుకున్నోడు ఒక్కడే నిలబడి ఉంటాడు, వాడు మనోడో, ఎవరో పంపినోడో ఫోన్ కెమెరాకి కూడా తెలిసిపోద్ది. పాట ఒకటి రెడీగా ఉంచుకోండి, పాడే గుంపు పరిగెత్తదు. లాయరు నంబరు ఫోన్లో కాదు, చేతి మీద పెన్నుతో రాసుకోండి, ఫోను ముందు పోయేది. తోపులాట జరిగే చోటికి పిల్లల్ని తేవద్దు. ఆ కుర్రాళ్ళని ఏంచేయాలి అన్నారుగా, పక్కన పెట్టకండి, చేతిపట్టీ కట్టి ఈ డ్యూటీయే వాళ్ళకి ఇవ్వండి. అగ్గిపుల్ల తమ్ముడూ, నిన్ను చూసే చెప్తున్నా.

అగ్గిపుల్ల:
చూద్దాం అన్నా 😄 ఆ వీపు పెట్టి నిలబడే ముచ్చట మాత్రం బాగుంది.

నోటుపుస్తకం:
నేను స్టేజీ ఎక్కను, లిస్టులు రాస్తా. మీ రెండొందల మంది పేర్లు, నంబర్లు రాసుకున్నారా? రాసుకోలేదని నా పందెం. ర్యాలీకి వచ్చినోళ్ళకి వెళ్ళేటప్పుడు చేతిలో ఒక పని పెట్టకపోతే వాళ్ళు ప్రేక్షకులే, రెండో షోకి ఎందుకొస్తారు. గ్రూపులో మెసేజ్ పెడితే బొటనవేలు చూపిస్తారు, ఫోన్ చేసి పేరు పెట్టి పిలిస్తే మనిషి వస్తాడు. పదిమందికి పదేసి ఫోన్లు, అంతే.

ఇక మీది బస్సు గొడవే కాబట్టి అమెరికాలో నల్లవాళ్ళు నడిపిన బస్సు ఉద్యమం, మోంట్‌గోమరీ చదవండి. 1955 డిసెంబరు 5, ముందు ఒక్కరోజు బాయ్‌కాటే. తెల్లవాళ్ళకి సీటు ఇవ్వనందుకు రోజా పార్క్స్ అనే నల్లజాతి ఆవిడ అరెస్టయిన రాత్రి జో ఆన్ రాబిన్సన్ అనే లెక్చరరు కాలేజీలో మెషీన్ మీద వేల కరపత్రాలు తెల్లారేలోపు తీసింది. ఆ ఒక్కరోజు హిట్టయ్యాక సాగదీస్తే 381 రోజులు అయింది. ఎలా నిలిచిందంటే ప్రసంగాలతో కాదు, కార్లు, ఎక్కించుకునే స్టాపులు, ఎవరు ఏ టైముకి అనే లిస్టు! జనం పనికి పోగలిగారు కాబట్టే పట్టు వదల్లేదు. వాళ్ళ మొదటి డిమాండ్లు కూడా చిన్నవే, మర్యాదగా మాట్లాడండి, ముందొచ్చినోళ్ళు ముందు కూర్చుంటారు, మా రూట్లలో మావాళ్ళని డ్రైవర్లుగా పెట్టండి అని. అవి కూడా ఒప్పుకోకపోయేసరికి పెద్దది అడిగారు. పక్కన కోర్టు కేసూ నడిపారు, చివర్లో నల్లవాళ్ళకి వేరే సీట్లు అనే పద్ధతి పోయింది సుప్రీం కోర్టు తీర్పుతో.

వాళ్ళు ఎక్కడం మానేశారు, మీకేమో ఎక్కడానికి బస్సే లేదు. కాబట్టి తిరగేయండి. పాత టైముకి పాత స్టాపులో రోజూ నిలబడండి, ఒక రిజిస్టరు పెట్టండి, ఎక్కాల్సినవాళ్ళు సంతకం చేసి ఎక్కడికి పోవాలో రాయాలి. "నష్టం వస్తోంది" అన్నారుగా, ఎక్కేవాళ్ళు ఉన్నారని చూపించే నెల రోజుల రిజిస్టరు తీసుకెళ్ళి ఆ సంతకం పెట్టే మనిషి టేబుల్ మీద పెట్టండి.

కొయ్యకాలు:
రిజిస్టరు ఐడియా అదిరింది. దీక్షలు గట్రా మాత్రం తొందరపడి అనౌన్స్ చేయకండి. పొద్దున పదికి కూర్చుని సాయంత్రం అయిదుకి నిమ్మరసం తాగే రిలే దీక్షలు చూసి చూసి ఆ మాటకే విలువ పోయింది. 1952లో పొట్టి శ్రీరాములు గారు నిజంగానే ప్రాణం వదిలారు, అది ఆడుకునే వస్తువు కాదు.

పాతకరపత్రం:
ఇంకో జాగ్రత్త కూడా, మన పోరాటం మనకే ఎక్కువ ఖరీదు కాకూడదు. 1921లో చీరాల-పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద మున్సిపల్ పన్ను కట్టేది లేదని ఊరే ఖాళీ చేసి బయట పాకలేసుకున్నారు. నెలల తరబడి ఎండా వానా. చదివితే ఒళ్ళు పులకరిస్తుంది, కానీ నాయకుడు జైలుకి పోయాక, డబ్బు అయిపోయాక జనం మెల్లగా వెనక్కి రావాల్సొచ్చింది. ఎన్నాళ్ళు నిలబడగలం అన్నది మొదటిరోజే లెక్కేసుకోవాలి.

రూటునంబర్7:
అందరికీ చాలా థాంక్స్. పది రోజుల తర్వాత వస్తున్నా, చెప్తా ఏం జరిగిందో. మేం కాగితమిచ్చిన ఆఫీసరుకి నిజంగానే పవర్ లేదు 🤦 రూట్లు తేల్చే కమిటీ వేరే ఉంది, నెలకోసారి కూర్చుంటుంది, తర్వాతి మీటింగు 19 రోజుల్లో. రిజిస్టరు సోమవారం మొదలుపెట్టాం. మొదటి రోజు పొద్దున 41 సంతకాలు, ఇవాళ 67. డయాలసిస్ పెద్దాయన రోజూ కుర్చీ వేసుకుని రిజిస్టరు ఆయనే పట్టుకుంటున్నాడు, పెన్ను ఎవరికీ ఇవ్వట్లేదు. నిన్న పాత రూటు డ్రైవరు ఒకాయన డ్యూటీ దిగి వెళ్తూ ఆగి, ఏ ట్రిప్పులో ఎంతమంది ఎక్కేవాళ్ళో గుర్తున్నంత చెప్పి పోయాడు, పేరు రాయొద్దన్నాడు. కుర్రాళ్ళు చేతిపట్టీలు అడుగుతున్నారు, ఏ రంగు వేయించాలి?

చేతిపట్టీ:
ఏ పార్టీకీ లేని రంగు. అది దొరకడమే కష్టం, ముందు దాని పని చూడండి. డ్రైవరు గారి పేరు నోటితో కూడా ఎవరికీ చెప్పకండి.