అప్‌డేట్: కార్న్ స్నేక్‌ను గదిలో తిరగనివ్వడం గురించి

డాలస్‌లోని మా ఇంట్లో పెంచుకుంటున్న కార్న్ స్నేక్‌ను (విషం లేని ఒక రకం పాము) కాసేపు గదిలో తిరగనివ్వవచ్చా అని గత నెలలో అడిగాను. మీ సలహా ప్రకారం తలుపు కింది సందును తువ్వాలుతో మూసి, గది చల్లబడకుండా చూసుకుని, మేత పెట్టిన 48 గంటలు గడిచాకే బయటికి తీశాను. అయినా మొదటి రోజే, ఫోన్ కోసం నేను తల తిప్పిన అర నిమిషంలో, అది రిక్లైనర్ (వెనక్కి వాలే కుర్చీ) అడుగు గుడ్డ చిరుగులోంచి లోపలికి దూరింది. కుర్చీని వాల్చే మీట కదిపితే పాము నలిగిపోతుందన్న భయంతో ఆ గుడ్డను కోసి, గంటన్నరకు బయటికి తీశాం. (నాగులచవితికి పుట్టలో పాలు పోసే మా అమ్మ, వీడియో కాల్‌లో ఇదంతా చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.) ఇప్పుడు సామాను తక్కువగా ఉన్న పడకగదిలో 20 నిమిషాలే వదిలి, నేనూ నేల మీదే కూర్చుంటున్నాను. నాలుక ఆడిస్తూ నెమ్మదిగా తిరిగితే ఉండనిస్తాను. కంగారుగా దాక్కోవాలని చూస్తే వెంటనే పెట్టెలోకి చేరుస్తాను. పాముల నుంచి మనుషులకు సోకే సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం వల్ల వంటగదిలోకి మాత్రం రానివ్వడం లేదు.