వ్యాపార నివేదికల్లో శీర్షికలు: మీ అనుభవం తెలియజేయగలరు

కాకినాడ_కార్యాలయం:
మా సంస్థ బ్యాంకుకు పంపే ప్రాజెక్టు రిపోర్టులు బాగా పొడవుగా ఉంటున్నాయి. ప్రతిదానిలోనూ “నేపథ్యం”, “వివరాలు”, “ఇతర అంశాలు” అనే శీర్షికలే ఉండడంతో, రుణం ఎంత కోరుతున్నామో తెలియాలంటే మొత్తం చదవవలసి వస్తోంది. మీరు ఏ పద్ధతి పాటిస్తున్నారు?

రుణ_పరిశీలకుడు:
బ్యాంకులో ఇలాంటి దరఖాస్తులు చాలాకాలం పరిశీలించాను. “ఆర్థిక వివరాలు” అని ఒకే ముద్ద పెట్టకుండా “కోరుతున్న వర్కింగ్ క్యాపిటల్ పరిమితి”, “హామీగా చూపుతున్న ఆస్తులు”, “తిరిగి చెల్లించే గడువులు” అని విడదీసి రాస్తే, చదివే అధికారి తనకు కావలసిన చోటికి నేరుగా వెళ్లగలుగుతాడు. “ఇతర అంశాలు” కనిపిస్తే మాత్రం, అక్కడేదో దాచి ఉంటారని ముందు అదే చదివేవాళ్లం లెండి.

సెక్రటేరియల్_విభాగం:
రుణ_పరిశీలకుడు గారి మాట బ్యాంకు పత్రాలకు సరిపోతుంది గాని, అన్నిటికీ కాదు. కంపెనీల చట్టం, 2013లోని 134వ సెక్షన్ కింద ఇచ్చే బోర్డు నివేదికలో డివిడెండ్, రిజర్వులకు బదిలీ, ఇంధన పొదుపు వంటి అంశాలను వాటాదారులూ ఆడిటర్లూ అలవాటైన పేర్లతోనే వెతుకుతారు కనుక, అక్కడ కొత్త శీర్షికలు కల్పించడం చదివేవారికి ఇబ్బందే.

డీటీపీ_గుంటూరు:
పేరు ఎంత బాగున్నా, అక్షరాలను బోల్డ్ చేసి వదిలేస్తే వర్డ్ దాన్ని శీర్షికగా గుర్తించదు. కంట్రోల్, ఆల్ట్ మీటలతో 1 నొక్కి హెడింగ్ 1 స్టైల్‌ను, 2 నొక్కి ఉపశీర్షికను పెడితే, పక్కన తెరుచుకునే నావిగేషన్ పేన్‌లో పత్రం చట్రమంతా కనిపిస్తుంది. విషయసూచికను కూడా వాటి నుంచే తయారు చేసుకోవచ్చు. పేజీలు మారినప్పుడు సూచికపై ఎఫ్9 నొక్కి అప్‌డేట్ చేయడం మరవకండి. తెలుగు లిపిలో క్యాపిటల్ అక్షరాలు లేవు కాబట్టి శీర్షికను పరిమాణంతోనూ ఖాళీతోనూ వేరుచేయాలి. పైన ఎక్కువ, కింద తక్కువ ఖాళీ వదిలితే అది ఏ పేరాకు చెందినదో సందేహం ఉండదు.

స్క్రీన్‌రీడర్_వాడుకరి:
నాకు చూపు లేదు. తెర మీది పాఠ్యాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో చదువుతాను. బ్రౌజ్ మోడ్‌లో హెచ్ మీట నొక్కితే తరువాతి శీర్షికకు వెళ్తుంది, కాని బోల్డ్ చేసిన ఉత్త పేరా దానికి శీర్షిక కాదు. పీడీఎఫ్ చేసేటప్పుడు ప్రింట్ ద్వారా కాకుండా సేవ్ యాజ్ ద్వారా చేయండి. ఆప్షన్స్‌లో శీర్షికలతో బుక్‌మార్కులు సృష్టించే గడిని టిక్ చేయండి.

కాకినాడ_కార్యాలయం:
కృతజ్ఞతలండి. పాత రిపోర్టుల్లో బోల్డ్ చేసినవాటిని ఒక్కొక్కటిగా మార్చక తప్పదా?

డీటీపీ_గుంటూరు:
అవసరం లేదండి. ఒకదాన్ని ఎంచుకుని, సెలెక్ట్ మెనూలో అదే ఫార్మాటింగ్ ఉన్న పాఠ్యమంతా ఎంచుకునే ఆదేశం ఇచ్చి, ఒకేసారి స్టైల్ మార్చవచ్చు. పేరాల మధ్యలో బోల్డ్ చేసిన మాటలు కూడా చిక్కుకోవచ్చు, ఒకసారి సరిచూసుకోండి.