"కాఁయి కర్రోచి?": లంబాడీలో ఒక్క వాక్యం, రాయడానికి ఎన్ని తిప్పలో

అందరికీ రామ్ రామ్. మాది మహబూబాబాద్ వైపు ఒక తాండా. నాందేడ్‌లో ఉండే మా చిన్నమ్మ కొడుక్కి పొద్దున వాట్సాప్‌లో మా గోర్ బోలిలో (లంబాడీ అన్నా, బంజారీ అన్నా ఇదే భాష) "ఏం చేస్తున్నావు?" అని పెట్టబోయాను. "తు కాయి కర్రోచి" అని కొడితే ఫోను దాన్ని "కాయ కర్ర" అని దిద్దిపెట్టింది. పోనీ సరిచేసి పంపుదామంటే వాడికి తెలుగు అక్షరం ముక్క రాదు. వాడు రాసేది దేవనాగరి. కలబురగిలో ఉన్న మా వాళ్లు కన్నడ అక్షరాల్లో రాస్తారు. మాట్లాడితే అందరిదీ ఒకటే భాష, రాస్తే మాత్రం ఎవరి గోడ వాళ్లదే. చివరికి అందరం ఇంగ్లీషు అక్షరాలకో వాయిస్ మెసేజ్‌కో దిగిపోతాం.

నా డౌటు చిన్నది. పై వాక్యాన్ని తెలుగు లిపిలో ఎలా రాయాలి? కాయి అనా, కాంయి అనా? కర్రోచి అని కలపాలా, కర్ రోచి అని విడదీయాలా? కొందరు "ఛి" అని ఒత్తు పెడుతున్నారు. మా ఇంట్లో ఆ ఒత్తు వినపడదు.

జవాబు (తెలుగు పంతులు, ఖమ్మం):
తమ్ముడూ, కాంయి అని నిండు సున్న పెడితే తెలుగువాడు "సంయమనం" చదివినట్టు పెదాలు మూసి "కామ్యి" అంటాడు. కాయి అని వదిలేస్తే చెట్టుకు వేలాడే కాయ గుర్తొస్తుంది. మీ నానమ్మ ఆ "ఆ"ని ముక్కులోంచి పలుకుతుంది కదా, దానికి మన దగ్గర ఒక గుర్తు ఊరికే పడి ఉంది. అదే అరసున్న. వాఁడు, మూఁడు అని పాత పుస్తకాల్లో చూసే ఉంటారు. మన నోట్లో ఆ ముక్కుపలుకు ఎప్పుడో పోయింది, పిల్లలకు దండగని గుర్తునూ తీసేశాం. మీ భాషలో ఆ పలుకు బతికే ఉంది. "కాఁయి" అని రాయండి.

జవాబు (నిజామాబాద్ నుంచి):
ఇదంతా ఎందుకన్నా? బంజారీ ఉత్తరాది భాష, హిందీకి చుట్టం. దేవనాగరిలో రాస్తే తెగిపోతుంది. జనాభా లెక్కల్లో కూడా హిందీ కిందే వేశారు.

జవాబు (ప్రశ్న అడిగిన వ్యక్తి):
వేశారు, అదే మా బాధ. 2011 లెక్కల్లో లమాణి/లంబాడీ అని చెప్పినవాళ్లు 32 లక్షలకు పైనే, బంజారీ అన్నవాళ్లు 15 లక్షలకు పైనే. రెండు పేర్లనూ తీసుకెళ్లి హిందీ ఖాతాలో కలిపారు. బ్రిటిష్ కాలంలో మన దేశ భాషలన్నీ సర్వే చేసిన గ్రియర్సన్ తన భాషా సర్వేలో 1907లోనే మమ్మల్ని భిల్లు భాషలున్న సంపుటంలో చేర్చాడు. హిందీవాడు మేరా, తేరా అంటే మేం మారో, తారో అంటాం.

ఇక దేవనాగరి సంగతి. మా క్రియకు ప్రాణం చివరి అచ్చులోనే ఉంది. మ జారోచు అంటే నేను వెళ్తున్నా. తు జారోచి, నువ్వు. ఊ జారోచ, అతను. మధ్యలో "రో" మగవాళ్లకు, ఆడవాళ్లైతే "రీ". ఆ మూడోదాన్ని దేవనాగరిలో రాస్తే చివర ఉత్త "చ" ఉంటుంది. హిందీ అలవాటున్నవాడు చివరి అకారం మింగేసి "జారోచ్" అంటాడు. మరాఠీలోనైతే మాట చివర "చ" తగిలిస్తే "అదే", "తప్పకుండా" అని నొక్కి చెప్పడం. మా క్రియ కాస్తా వాళ్లకు ఇంకేదో అయిపోతుంది. తెలుగులో "చ" అని రాస్తే "చ" అనే చదువుతారు. చుట్టరికం వేరు, అక్షరం వేరన్నా.

జవాబు (రిటైర్డ్ టీచరు):
ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గిరిజన పిల్లలకు మాతృభాషలో చదువు మొదలుపెట్టినప్పుడు కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియాతో పాటు బంజారా కూడా ఉంది. వాచకాలన్నీ తెలుగు లిపిలోనే. నా క్లాసులో ఒకటో తరగతి పిల్ల "యాడి" అన్న మాట కూడబలుక్కుని చదివి, "సార్, ఇది అమ్మే కదా, పుస్తకంలో ఎట్లొచ్చింది?" అని అడిగింది. ఆ ముఖం ఇంకా గుర్తుంది. కలపాలా విడదీయాలా అన్నదానికి నా ఓటు కలపడానికే. కర్ రోచి అని విడదీస్తే పిల్లలు రెండు మాటలనుకుని మధ్యలో ఆగుతారు. ఒత్తు విషయం మాత్రం తాండాను బట్టి మారుతుంది, గొడవపడకండి.

జవాబు (హైదరాబాద్ నుంచి):
"ఢావ్లో" మర్చిపోయారా? పెళ్లికూతురు అత్తారింటికి వెళ్లేటప్పుడు ఏడుస్తూ పాడే పాట పేరు. అదే పేరున్న తెలుగు కథల పుస్తకానికి రమేశ్ కార్తీక్ నాయక్‌కు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అట్ట మీద ఆ "ఢ" చూసి మా ఆఫీసులో ఒకాయన "డావ్లో" అన్నాడు. ఒత్తు రాయడం వరకే మన పని, పలికించడం లిపి చేతిలో లేదు.

జవాబు (ప్రశ్న అడిగిన వ్యక్తి):
మా ఫోనులో సున్నను నొక్కి పట్టుకుంటే అరసున్న వచ్చింది సార్, థ్యాంక్స్. "తు కాఁయి కర్రోచి?" అని కొట్టి, కింద దేవనాగరిలో ఇంకోసారి రాసి మా వాడికి పంపాను. వాడు వాయిస్‌లో నవ్వుతూ "బాటి ఖారోచు" అన్నాడు. రొట్టె తింటున్నాడట. ఆ చివరి "చు" కూడా కాస్త ముక్కులోంచే వినిపించింది. దానికీ అరసున్న పెట్టాలా, పంతులుగారూ?