నాలుగేళ్ల పాపకు మంచి బొమ్మల కథల పుస్తకాలు చెప్పండి

అన్నలూ, అక్కలూ, మాది హన్మకొండ, మా పాపకు నాలుగేళ్లు. మొన్న వేయిస్తంభాల గుడికి తీసుకెళ్తే నందిని చూసి, ఇది రాత్రి మనం పోయాక లేచి భద్రకాళి చెరువులో నీళ్లు తాగొస్తదా అని అడిగింది. అప్పటినుంచి రోజూ ఆ నంది కథే, రోజుకో తీరుగా చెప్పించుకుంటోంది. ఇలాంటి ఊహ ఉన్న పుస్తకాలు కొందామని చౌరస్తా దగ్గర షాపులన్నీ తిరిగాను. అన్నీ అఆలు, జంతువుల పేర్లు, లేదంటే చివర్లో నీతి చెప్పే కథలే. నీతి తప్పని కాదు, కానీ ఈ వయసులో ముందు నవ్వాలి, ఆశ్చర్యపోవాలి, బొమ్మలో మూలకు దాక్కున్న పిల్లిని తనే వెతికి పట్టుకోవాలి.

ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఫ్రీగా ఉన్నాయి, చదివి వినిపిస్తున్నాను, కానీ ఫోన్ చేతికిస్తే పాప వీడియోల్లోకి పోతోంది. అందుకే చేత్తో తిప్పే పుస్తకాలే కావాలి. తూలిక పబ్లిషర్స్ వాళ్లవి తెలుగు, ఇంగ్లీషు రెండూ ఒకే పేజీలో ఉండేవి, సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్లవి తెప్పిద్దామనుకుంటున్నాను. మీ పిల్లలు మళ్లీ మళ్లీ చదివించుకున్నవి ఏవి? పేజీకి రెండు మూడు వాక్యాలే ఉండాలి, ఎందుకంటే రాత్రి చదివేది మా అత్తమ్మ, ఆమెకు చిన్న అక్షరాలు కనబడవు. వరంగల్‌లో పేజీలు తిప్పి చూసి కొనుక్కునే చోటు ఏదైనా ఉంటే అది కూడా చెప్పండి.