హఫ్తరాకీ హఫ్తాకీ చుట్టరికం ఉందా?

ప్రశ్న: యూదులు ప్రతి శనివారం తోరాలో (బైబిల్లోని మొదటి ఐదు పుస్తకాల్లో) ఒక భాగం చదివాక, ప్రవక్తల గ్రంథాల్లోంచి ‘హఫ్తరా’ అని ఇంకోటి చదువుతారట. వారం వారం చదివేదే కదా, ఇది మన హైదరాబాద్ ‘హఫ్తా’యేనా? లేక చివర్లో ‘తోరా’ వినిపిస్తోంది కాబట్టి దానికి సంబంధించిన మాటా?

జవాబు: రెండూ కాదండీ. హఫ్తా ఫారసీ నుంచి వచ్చింది. అక్కడ ‘హఫ్త్’ అంటే ఏడు, మన సప్తకి దగ్గరి బంధువు. హఫ్తరా హీబ్రూ మాట. ముగించడం, వదిలిపెట్టడం అనే అర్థాలున్న ధాతువు నుంచి పుట్టింది. తోరా పఠనానికి ముగింపుగా చదివేది కాబట్టి ఆ పేరు. ఇక హీబ్రూలో తోరాలోని త ‘తావ్’ అనే అక్షరం, హఫ్తరాలోది ‘తేత్’ అనే వేరే అక్షరం. తెలుగులో రాసేసరికి రెండూ ఒకటైపోయి ఈ తంటా వచ్చింది. హఫ్తరా చదివే మనిషిని మఫ్తీర్ అంటారు. మఫ్తీ పోలీసులకీ దీనికీ సంబంధం లేదు, ఎవరో ఒకరు అడిగేలోపే చెప్పేస్తున్నా.

అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయం చదివినవాళ్లకి ఈ పద్ధతి కొత్తేం కాదు. పిసిదియలోని అంతియొకయలో ధర్మశాస్త్రం, ప్రవక్తల లేఖనాలు చదవడం అయ్యాకే పౌలు బృందాన్ని మాట్లాడమంటారు.

తోరాని 54 భాగాలు చేసి ఏడాదిలో పూర్తిచేస్తారు. ఒక్కో భాగం ‘పారషా’. దానికి జతగా ఏ హఫ్తరా చదవాలన్నది ఎప్పుడో స్థిరపడింది. చాలాసార్లు రెండిటినీ కలిపే ముడి ఒక్క మాటలోనో ఒక్క సంఘటనలోనో ఉంటుంది. దాన్ని పట్టుకోవడంలోనే మజా అంతా. నాకు బాగా నచ్చిన జత కోరహుది. సంఖ్యాకాండం 16లో కోరహు, దాతాను, అబీరాము తమ నాయకుడు మోషే మీద తిరగబడతారు. కోపం వచ్చిన మోషే దేవుడితో అనేది ఇదీ: వీళ్ల దగ్గర ఒక్క గాడిదను కూడా నేను తీసుకోలేదు. ఆ వారం హఫ్తరా 1 సమూయేలు 11:14 నుంచి 12:22 వరకు. అందులో ముసలివాడైన సమూయేలు ప్రవక్త జనం ముందు నిలబడి, నేనెవరి ఎద్దు తీసుకున్నాను, ఎవరి గాడిద తీసుకున్నాను, చెప్పండి అంటాడు. అదే గాడిద!

ఇంకొకరు: గాడిద కోసం అంత అధ్యాయం చదివించారంటే నమ్మబుద్ధి కావట్లేదు. అసలు ముడి నాయకుడి మీద తిరుగుబాటు కాదా? అక్కడ మోషేని వద్దన్నారు, ఇక్కడ సమూయేలు ఉండగానే రాజు కావాలన్నారు.

జవాబు: కాదనను. పైగా 1 దినవృత్తాంతములు 6లో వంశావళి చూడండి, సమూయేలు సాక్షాత్తూ కోరహు సంతతివాడే. ముత్తాతల కాలంలో మోషేని నిలదీసిన ఇంటి పిల్లవాడు మోషే మాటే మాట్లాడుతున్నాడన్నమాట. అయితే జనానికి గుర్తుండిపోయేది మాత్రం గాడిదే. 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ కూడా దాన్ని వదల్లేదు: మోషే మిద్యాను నుంచి ఐగుప్తుకి భార్యాపిల్లల్ని ఎక్కించుకొచ్చిన గాడిద ఖర్చు ప్రజల నుంచి రాబట్టుకోవచ్చు, అయినా సొంతంగా భరించాడు అంటాడు. టీఏ బిల్లు పెట్టని ఉద్యోగి!

మరొకరు: సంఖ్యాకాండంలో మోషే చెప్పిన ఆ గాడిద గ్రీకులోకి వెళ్లేసరికి మాయమైంది తెలుసా? హీబ్రూ బైబిలుకి పాత గ్రీకు అనువాదమైన సెప్టువజింట్‌లో అక్కడ ‘కోరదగిన వస్తువు’ అని ఉంటుంది. హీబ్రూలో గాడిద ‘హమోర్’, కోరదగినది ‘హెమెద్’. చివరి అక్షరాలు రేష్, దాలెత్ చూపుకి కవల పిల్లల్లా ఉంటాయి. యూదు పండితుల చర్చల గ్రంథం తల్మూద్ మాత్రం (మెగిల్లా 9అ) ఇది పొరపాటు కాదు, ఐగుప్తు రాజు తాలమీ కోసం అనువాదకులు కావాలనే మార్చారంటుంది. గాడిద తీసుకోలేదు సరే, ఇంకేదైనా తీసుకున్నాడేమో అని ఎవరూ అనకుండా అని దానికి రాషీ వివరణ.

జవాబు: ఇది అదిరిందండీ. అదే హఫ్తరాలో మనం గమనించకుండా దాటేసేది ఇంకోటుంది. గోధుమ కోతల కాలంలో సమూయేలు ప్రార్థిస్తే ఉరుములతో వాన పడుతుంది, జనం హడలిపోతారు. కోరహు పారషా చదివేది జూన్, జూలై ప్రాంతంలో. మనకి అది తొలకరి కాబట్టి వాన పడితే భయమేంటి అనిపిస్తుంది. ఇశ్రాయేలులో గోధుమ కోతలయ్యేసరికి వానలు ఆగిపోతాయి, వేసవంతా చుక్క రాలదు. పైగా అప్పుడు పడితే కల్లంలో పంట గతేంటి? పారషాలో తిరగబడినవాళ్లని మింగడానికి నేల నోరు తెరిచింది, హఫ్తరాలో ఆకాశం.

ప్రశ్న అడిగినవారు: ఈ ఏడు కోరహు వారం వచ్చినప్పుడు నేనూ జత చూసి చదువుతాను.

జవాబు: ముందు క్యాలెండర్ చూసుకోండి. ఆ శనివారం యూదుల తమ్మూజ్ నెల పొడుపు పడితే సమూయేలుని పక్కనపెట్టి యెషయా 66 చదివేస్తారు.