పిల్లల ఆసుపత్రి నర్సుకు డైసీ పురస్కారం: ప్రతిపాదనలో ఏం రాయాలి?

ప్రశ్న: అమెరికాలో మా పాప పిల్లల ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఒక నర్సు గారు షిఫ్టు మారే వేళ తర్వాతి నర్సుకు పాప పరిస్థితి చెప్పే అప్పగింతలను మంచం పక్కనే, మమ్మల్ని కూడా కలుపుకొని జరిపేవారు. ఇంగ్లీషు రాని మా అత్తగారి కోసం ఫోనులో తెలుగు దుబాసీని పిలిపించి, మందు ఎందుకు మార్చారో ఆవిడకూ వివరించారు. మంచి నర్సులకు ఆసుపత్రుల ద్వారా ఇచ్చే డైసీ పురస్కారం ఆమెకు రావాలని మా కోరిక. ప్రతిపాదన ఎలా రాయాలి?

జవాబు: తప్పకుండా రాయండి. రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన జబ్బుతో 33 ఏళ్లకే 1999లో మరణించిన పాట్రిక్ బార్న్స్ కుటుంబం, ఆయనకు సేవ చేసిన నర్సుల మీది కృతజ్ఞతతో నెలకొల్పినదే ఈ పురస్కారం. అందుకే కుటుంబాల మాటకు ఇందులో అంత విలువ ఉంది. ఎంపికైనవారికి జింబాబ్వేలోని షోనా జాతి శిల్పులు చేతితో చెక్కిన శిల్పాన్ని అందజేస్తారు.

మరో జవాబు: నేను పిల్లల వార్డులో నర్సును. ‘చాలా మంచివారు’ అని రాస్తే సరిపోదండీ, దుబాసీ సంగతి మీరు ఇక్కడ చెప్పినట్టే రాయండి. ఇంటిపేరు తెలియకపోతే వార్డు, తేదీ, షిఫ్టు పేర్కొనండి. మీ ఆసుపత్రిలో ఈ పురస్కారం లేకపోతే నర్సింగ్ మేనేజరుకు ఉత్తరం రాయండి, అలాంటి ఉత్తరాలను మేము ఏళ్ల తరబడి దాచుకుంటాం.