స్కై దీవిలో నాలుగు రోజులు: అత్తయ్యగారికి భోజనం ఎక్కడ?

నూలుపోగు (లీడ్స్):

అందరికీ నమస్కారం. జూన్ రెండో వారంలో మేము కారులో స్కాట్లాండ్‌లోని స్కై దీవికి వెళ్తున్నాం. నాలుగు రాత్రులు. మొదటి రెండు పోర్ట్రీలో బీ అండ్ బీ (గది, పొద్దుటి టిఫిన్ మాత్రం ఇచ్చే బస), తర్వాత రెండు డన్‌వెగన్ దగ్గర వంటగది ఉన్న చిన్న కాటేజీ. మేమిద్దరం, ఆరేళ్ళ బాబు, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు, మావయ్యగారు.

చూడాల్సినవి మా ఆయన ఎక్సెల్ షీట్‌లో నిమిషాలతో సహా రాసేశారు. ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టార్, క్విరాంగ్, ఫెయిరీ పూల్స్, నీస్ట్ పాయింట్, అన్నీ ఉన్నాయి. భోజనం గడిలో మాత్రం "అక్కడ చూసుకుందాం" అని ఉంది. నా టెన్షన్ అంతా ఆ గడి గురించే. అత్తయ్యగారు మాంసం, చేప, గుడ్డు ఏవీ ముట్టరు. మావయ్యగారు చేప తింటారు, కానీ ఆవిడ ఎదురుగా కాకపోతే మేలు అంటారు. మా ఆయనకి రొయ్య కనిపిస్తే చాలు. బాబు చిప్స్ (ఇక్కడి వేడివేడి ఆలుగడ్డ వేపుడు ముక్కలు) మీదే బతుకుతాడు.

ముందే బుక్ చేసుకోవాలా? గుడ్డు కూడా లేని శాకాహారం ఏం దొరుకుతుంది? వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పరూ.

క్లైడ్‌గట్టు (గ్లాస్గో):

నూలుపోగు గారూ, నేను స్కైకి ఐదుసార్లు వెళ్ళాను. మొదటిసారి నా దగ్గరా మీవారి లాంటి షీటే ఉండేది. కాబట్టి ముందు ఆ కథ వినండి.

జూన్‌లో అక్కడ పొద్దు గుంకేది రాత్రి పది దాటాకే. మోసమంతా అక్కడే ఉంది. మా అమ్మానాన్నలతో నీస్ట్ పాయింట్ లైట్‌హౌస్ దగ్గర ఉన్నాం, ఎండ నిండుగా ఉంది, ఏ ఐదో ఆరో అయ్యుంటుందనుకుని ఫొటోలు తీసుకుంటూ కూర్చున్నాం. కారెక్కి చూస్తే 8.15. డన్‌వెగన్‌కి పది పదకొండు మైళ్ళే. కానీ ఒక్క కారు పట్టే రోడ్డు. ఎదురుగా బండి వస్తే రోడ్డు కాస్త వెడల్పు చేసిన పాసింగ్ ప్లేస్‌లో ఆగాలి, గొర్రె అడ్డంగా పడుకుంటే దానికి బుద్ధి పుట్టేదాకా ఆగాలి. ఊళ్ళోకి వచ్చేసరికి తొమ్మిది కావస్తోంది. మొదటిచోట బార్ తెరిచే ఉంది, జనం తాగుతూ నవ్వుకుంటున్నారు, వంటగది మాత్రం 8.30కే కట్టేశారట. రెండోచోట లైట్లే లేవు. ఆ రాత్రి నలుగురం నాలుగు క్రిస్ప్స్ ప్యాకెట్లు, డిక్కీలో నలిగిపోయిన అరటిపళ్ళు తిని పడుకున్నాం. మా నాన్న ఇప్పటికీ దాన్ని "స్కై ఏకాదశి" అంటారు.

తప్పు వాళ్ళది కాదు. దీవి మొత్తం జనాభా దాదాపు 10,000. వేసవిలో వచ్చేవాళ్ళు అంతకు ఎన్నో రెట్లు. ఉన్నవి చిన్న చిన్న వంటగదులు. పనివాళ్ళు దొరికినా వాళ్ళు ఉండటానికి అద్దె ఇళ్ళు దొరకవు. అందుకని మధ్యాహ్నం రెండు, రెండున్నరకి ఒకసారి, రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నరకి ఒకసారి పొయ్యి ఆర్పేస్తారు. స్కైలో ఏం తినాలన్నది కష్టం కాదండీ, ఎన్నింటికి తినాలన్నదే కష్టం. మీవారి షీట్‌లో ముందు రాత్రి భోజనం గడి నింపండి. 6 గంటలకి ఫలానా చోట టేబుల్ అని ఖాయమయ్యాక, దాని చుట్టూ కొండలూ జలపాతాలూ సర్దుకోండి. కొండలు ఎక్కడికీ పోవు. జూన్‌లో అయితే తిన్నాక కూడా మూడు నాలుగు గంటల వెలుతురు ఉంటుంది, పైగా అప్పటికి టూరిస్టు బస్సులు వెళ్ళిపోయి ఉంటాయి. మేము రెండోసారి స్టార్‌కి రాత్రి ఏడున్నరకి ఎక్కాం. పార్కింగ్ సగం ఖాళీ.

బుకింగ్ అంటారా, పోర్ట్రీలో రెండు రాత్రులకీ ఇప్పుడే చేసేయండి. దీవిలో పెద్ద ఊరు అదే కాబట్టి అందరూ రాత్రికి అక్కడికే చేరతారు. ఓడరేవు దగ్గర రంగురంగుల ఇళ్ళ ముందు చేపా చిప్స్ పొట్లం పట్టుకుని నిలబడి తినడం బాగానే ఉంటుంది, కానీ సీగల్స్‌తో జాగ్రత్త. మా అబ్బాయి చేతిలోంచి సగం చేప ఎగరేసుకుపోయింది.

ఇక అత్తయ్యగారి సంగతి. శాకాహారం దాదాపు ప్రతిచోటా ఏదో ఒకటి ఉంటుంది. చిక్కు సూప్ దగ్గర. బోర్డు మీద "లెంటిల్ సూప్" అని చూడగానే మా అమ్మ "పప్పుచారే కదరా" అని సంబరపడింది. స్కాట్లాండ్‌లో పాత పద్ధతి లెంటిల్ సూప్‌ని పంది ఎముక ఉడికించిన నీళ్ళతో కాస్తారు. ముక్క కనపడకపోవచ్చు, రసం అదే. "స్టాక్ వెజిటబుల్‌దేనా?" అని అడగందే ఆర్డర్ చెయ్యకండి. చాలా కఫేల్లో ఇప్పుడు కూరగాయల స్టాకే వాడుతున్నారు, అయినా అడగాలి. చిప్స్ కూడా అంతే. కొన్నిచోట్ల పశువుల కొవ్వులో వేయిస్తారు. కొన్నిచోట్ల నూనెలోనే వేయిస్తారు, కానీ చేప వేగిన మూకుడూ అదే.

మావయ్యగారికి కల్లెన్ స్కింక్ చెప్పండి. పొగబెట్టిన హాడక్ చేప, బంగాళాదుంప, ఉల్లిపాయ, పాలు వేసి కాచే చిక్కటి సూప్. పుట్టింది స్కైలో కాదు, మోరే తీరంలో కల్లెన్ అనే ఊళ్ళో. కానీ వానలో తడిసి వచ్చి తాగితే ఆ తేడా ఎవరికీ పట్టదు.

మీవారికి కార్బోస్ట్. టాలిస్కర్ విస్కీ డిస్టిలరీ ఉన్న ఊరు అదే, దాని వెనక గుట్ట మీద ఆయిస్టర్ షెడ్ అని ఉంది. పేరుకు తగ్గట్టు షెడ్డే. ఆల్చిప్పలు, స్కాలప్స్, మస్సెల్స్ అక్కడే వండి ఇస్తారు. ఫెయిరీ పూల్స్ నుంచి దగ్గర కాబట్టి మధ్యాహ్నానికి పెట్టుకోండి, రాత్రికి నమ్ముకోవద్దు. ఆయన రొయ్యలు అంటున్నారు కదా, అక్కడ స్థానికులు ప్రాన్స్ అంటే లాంగస్టీన్ అని అర్థం. పొడుగాటి గోళ్ళతో, గుల్లతో సహా ప్లేట్‌లోకి వస్తుంది. ఒలుచుకోవడం పెద్ద పని. స్కాట్లాండ్ నీళ్ళలో పట్టినవాటిలో చాలా భాగం స్పెయిన్, ఫ్రాన్స్‌లకు వెళ్ళిపోతుంది. పట్టిన చోటే తినగలగడం ఆయన అదృష్టం.

ఉప్పుపిడత (ఎడిన్‌బరా):

పైన చెప్పినవి నిజమే గానీ, అన్ని పూటలూ బుక్ చేసుకుని గడియారం చూసుకుంటూ తిరిగితే అదేం సెలవండీ? మేము మధ్యాహ్నం ఒక్కసారి కూడా హోటల్‌కి వెళ్ళలేదు. పొద్దున పోర్ట్రీ కో-ఆప్ సూపర్‌మార్కెట్లో బ్రెడ్డు, చీజ్, టమాటాలు, పళ్ళు కొనుక్కోవడం, ఎక్కడ ఆకలేస్తే అక్కడ కారాపి తినడం. క్విరాంగ్, స్టాఫిన్ వైపు వెళ్ళే రోజు అయితే ఇది తప్పదు కూడా, అటు కఫేలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఫ్లాస్క్‌లో వేడినీళ్ళు, ఉప్మా మిక్స్ పెట్టుకుంటే మీ అత్తయ్యగారికి ఏ దిగులూ లేదు. బీ అండ్ బీ గదిలో మాత్రం పోపు వాసనలు వద్దు, బయటే కానిచ్చేయండి.

చిల్లర నాణేలు ఉంచుకోండి. రోడ్డు పక్కన ఇళ్ళ ముందు చెక్కపెట్టెల్లో కేకులు, గుడ్లు పెట్టి ధర రాసి ఉంటారు. మనిషి ఉండడు, డబ్బు డబ్బాలో వేసి తీసుకోవడమే. ఆనెస్టీ బాక్స్ అంటారు. మా పాప నాలుగు రోజులూ వాటినే వెతికింది.

ఇంకోటి, జూన్ సాయంత్రం గాలి లేకపోతే బయట బల్లల మీద కూర్చోకండి. మిడ్జీలు అని నలకంత కుట్టే పురుగులు మందలుగా వస్తాయి. మనం తినేలోపు అవి మనల్ని తింటాయి.

నూలుపోగు:

ఇద్దరికీ చాలా థాంక్స్. పప్పుచారు సంగతి చదివి నాకు గుండె ఆగినంత పనైంది, అత్తయ్యగారు సరిగ్గా అదే ఆర్డర్ చేసి ఉండేవారు.

రెండు సందేహాలు. గుడ్డు లేదని వాళ్ళు చెప్తే నమ్మొచ్చా? రెండోది, మా ఆయన త్రీ చిమ్నీస్ అనే రెస్టారెంట్‌కి వెళ్దామంటున్నారు, పెళ్ళిరోజు కూడా కలిసొచ్చింది. బాబుతో, అత్తామావలతో అక్కడికి వెళ్ళొచ్చా?

కూరదినుసు (అబర్డీన్):

నేను హోటల్ వంటగదిలో పనిచేశాను కాబట్టి గుడ్డు సంగతి నేను చెప్తాను. ఈ దేశంలో 14 అలర్జీ పదార్థాల గురించి అడిగితే చెప్పడం హోటళ్ళకి చట్టప్రకారం తప్పనిసరి. గుడ్డు, పాలు, చేప, గింజలు ఆ జాబితాలో ఉన్నాయి. కాబట్టి "గుడ్డు ఉందా" అంటే వాళ్ళ దగ్గర కాగితం ఉంటుంది, చూసి చెప్తారు. మాంసం ఆ జాబితాలో లేదు! అందుకే పంది ఎముక స్టాకు ఆ కాగితంలో కనపడదు, దాన్ని విడిగా అడగాల్సిందే. చాలామంది మనవాళ్ళు దీన్ని తిరగేసి అనుకుంటారు, మాంసం గురించి చెప్తారులే, గుడ్డు గురించే చెప్పరని.

వెజిటేరియన్ హాగిస్ దొరికితే అత్తయ్యగారికి తప్పకుండా పెట్టించండి. అసలు హాగిస్ గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులతో చేస్తారు. దీంట్లో వాటి బదులు పప్పులు, ఓట్స్, గింజలు, మిరియాల ఘాటు. నీప్స్ అండ్ ట్యాటీస్‌తో, అంటే మెదిపిన టర్నిప్ జాతి దుంప, ఆలుగడ్డతో వడ్డిస్తారు. మన నోటికి స్కాటిష్ వంటల్లో దగ్గరగా వచ్చేది అదే.

పొద్దున బీ అండ్ బీలో ట్యాటీ స్కోన్ అడగండి. ఉడికించిన ఆలుగడ్డ, పిండి, వెన్న కలిపి ఒత్తిన పల్చటి రొట్టె, మామూలుగా గుడ్డు ఉండదు. కానీ బేకన్ వేయించిన పెనం మీదే వేసేస్తారు, విడిగా టోస్టర్‌లో వేడి చేయమనండి.

క్లైడ్‌గట్టు:

గుడ్డు గురించి మంచి మాట చెప్పారు, నాకూ తెలియదు.

త్రీ చిమ్నీస్: డన్‌వెగన్ నుంచి నీస్ట్ పాయింట్ వెళ్ళే దారిలో కోల్‌బోస్ట్‌లో సముద్రపు పాయ ఒడ్డున పాత రైతు ఇల్లు. 1985 నుంచి ఉన్న రెస్టారెంట్, ఇంత మారుమూల చోటికి ప్రపంచం నలుమూలల నుంచి జనాన్ని రప్పించింది. మీ కాటేజీకి దగ్గరే. కానీ ఆరేళ్ళ బాబుని వరసగా వచ్చే వంటకాల ముందు గంటలు కూర్చోబెట్టడం మీకూ శిక్షే, వాడికీ శిక్షే. కాటేజీలో వంటగది ఉందన్నారు కదా. అత్తయ్యగారు హాయిగా తన చేత్తో అన్నం వండుకుని మనవడికి పెడతారు, మావయ్యగారూ అక్కడే ఉంటారు, మీరిద్దరూ వెళ్ళండి. నా మాట వినండి, ఆ పూట ఇంట్లో వాళ్ళే ఎక్కువ సుఖపడతారు. ఎంతో ముందుగా బుక్ చెయ్యాలి, ఖరీదు ఎక్కువే, మెనూ ధర వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే మీవారికి ఊ కొట్టండి.

అందరూ కలిసి వెళ్ళడానికి అయితే స్టీన్ ఇన్. వాటర్నిష్ వైపు నీటి ఒడ్డున 18వ శతాబ్దం నాటి పబ్బు. పబ్బుల్లో కొన్నిచోట్ల ఒక వేళ దాటాక పిల్లల్ని ఉండనివ్వరు, ఫోన్‌లోనే అడిగేయండి. రూట్ మధ్యలో ఆకలేస్తే స్లిగహాన్ హోటల్‌లో షేమస్ బార్ ఉంది. పోర్ట్రీ రోడ్డు, డన్‌వెగన్ రోడ్డు విడిపోయేది అక్కడే కాబట్టి ఎటు వెళ్ళినా తగులుతుంది, పెద్ద హాలు. బ్రాడ్‌ఫర్డ్‌లో కఫే సియాలో కట్టెల పొయ్యి పిజ్జా దొరుకుతుంది, బాబు చిప్స్ మానే అవకాశం అదొక్కటే.

లెక్క కోసం: పోయినసారి పబ్బులో చేపా చిప్స్ ప్లేటుకి 18 పౌండ్లు, కఫేలో సూప్, బ్రెడ్డు కలిపి 7 అయింది. మంచినీళ్ళు కొనకండి, కుళాయి నీళ్ళు అడిగితే ఊరికే ఇస్తారు, బాగుంటాయి కూడా. మీవారు టాలిస్కర్‌లో రుచి చూస్తానంటే మాత్రం తాళాలు మీరు తీసుకోండి. స్కాట్లాండ్‌లో 2014 నుంచి డ్రైవర్లకి మద్యం పరిమితి ఇంగ్లండ్ కంటే తక్కువ, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములే. ఇంగ్లండ్‌లో అది 80. లీడ్స్ లెక్క ఇక్కడ పనికిరాదు.

నూలుపోగు:

వెళ్ళొచ్చాం, నిన్ననే. పోర్ట్రీలో రెండు రాత్రులూ 6 గంటలకే తిన్నాం. మా ఆయన మొదటిరోజు "ఇంత తొందరగానా" అని గొణిగారు, 8.40కి తలుపు దగ్గర నిలబడి వెనక్కి వెళ్ళిపోతున్న ఒక కుటుంబాన్ని చూశాక మళ్ళీ మాట్లాడలేదు. మూడోరోజు మధ్యాహ్నం మాత్రం దెబ్బతిన్నాం. ఒక కఫేకి వానలో ముప్పావు గంట నడిపి వెళ్తే వంటమనిషి రాలేదని మూసేశారు. కారులో బ్రెడ్డు, టమాటాలు, అత్తయ్యగారు ఎందుకైనా మంచిదని లీడ్స్ నుంచి తెచ్చిన కారప్పొడి. అద్దాలన్నీ ఆవిరి పట్టాయి, బయట ఏ కొండ ఉందో కూడా తెలియదు. మావయ్యగారు కల్లెన్ స్కింక్ రెండుసార్లు తాగారు, రెండోసారి అత్తయ్యగారి ఎదురుగానే. ఆవిడ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు.

త్రీ చిమ్నీస్‌లో టేబుల్ దొరకలేదు, ఆలస్యం చేశాం. ఒక్క ప్రశ్న మిగిలింది: అత్తయ్యగారు ఆ ట్యాటీ స్కోన్ కావాలంటున్నారు, రోజూ. కొనడానికి దొరుకుతుందా?

కూరదినుసు:

పెద్ద సూపర్‌మార్కెట్లో బ్రెడ్ల వరుసలో చూడండి, పొటాటో స్కోన్స్ అని చదరంగానో త్రికోణంగానో ప్యాకెట్ ఉంటుంది. లేకపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు: ఉడికించి మెదిపిన ఆలుగడ్డ, దానిలో పావు వంతు మైదా, కొంచెం వెన్న, ఉప్పు. ఆలుగడ్డ వేడిగా ఉండగానే కలపండి, చల్లారితే విరుగుతుంది.